కాలు మోపని ఒడ్డుకు, మనవడితో పుట్టి ప్రయాణం

మా మనవడు సోమయ్యకు మూడో ఏడు నడుస్తోంది. పుట్టు వెంట్రుకలు తీయించాల్సిన ఏడు. ఇది దాటితే మళ్ళీ ఐదో ఏడు దాకా ఆగాలి. ఆ వెంట్రుకల కోసమే మొన్న శివరాత్రి వెళ్ళిన వారానికి నేనూ నా కోడలూ వాణ్ణి ఎత్తుకుని సోమశిల రేవు నుంచి కృష్ణ మీదికి వెళ్ళాం. పగలంతా పుట్టిలో గడిపి, చీకటి పడకముందే తిరిగి వచ్చాం. చంటిపిల్లవాణ్ణి నీళ్ళ మీదికి తీసుకుపోవడమేమిటని కొందరు, ఇంటి పెద్ద వేసిన ఒట్టు తప్పిందని మా పాలివాళ్ళు కొందరు నా మీద మాట్లాడుతున్నారు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి పంతులు భార్య రాస్తోంది. చిన్నపిల్లలతో ఆ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి, కిరాయి, జాగ్రత్తలు ఇందులో దొరుకుతాయి. నన్ను తప్పుపట్టేవాళ్ళకు జవాబూ ఇందులోనే ఉంది.

ముందు ఆ ఒట్టు సంగతి చెప్పాలి. నేను పుట్టింది నదికి అవతల, కర్నూలు వైపు. ఇంకా పెద్దమనిషి కాకముందే పెళ్ళి చేసి పుట్టిలో కూర్చోబెట్టి ఇవతలికి పంపారు. మా అన్న కూతురు ఈశ్వరిని నా కొడుక్కు చేసుకున్నాను. అంటే నా పుట్టిల్లూ నా కోడలి పుట్టిల్లూ ఒకటే. ఈశ్వరి నెల తప్పిన ఏడు మా ఆయన మా అన్న దగ్గర నుంచి ఒక ఎద్దును తెచ్చాడు. పశువుల్ని పుట్టిలో ఎక్కించరు. తాడు పట్టుకుని పుట్టి వెనక ఈదిస్తారు. ఎద్దు ఇవతల ఒడ్డెక్కేసరికి ముందుకాలు వాచి ఉంది. ఆ కాలు మళ్ళీ నాగలి కింద నిలవలేదు. కుంటి ఎద్దును అంటగట్టాడని మా ఆయన, ఈదించడం చేతగాక విరగ్గొట్టుకున్నారని మా అన్న. రేవులో పదిమంది ముందు మా ఆయన కృష్ణలో చెయ్యి ముంచి, తన ఇంటి మనిషి కాలు ఆ ఒడ్డు మీద పడదని ఒట్టు వేశాడు. అది విని మా అన్న అవతల అలాంటిదే ఇంకొకటి వేశాడు. ఆ ఎద్దు మాత్రం ఇప్పటికీ మా కొట్టంలో పడుకుని సుఖంగా మేస్తోంది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఈశ్వరికి ఆ ఒట్టు వల్ల మా ఇంట్లోనే జరిగింది. కన్నతల్లి లేకుండా కన్నది. ఈశ్వరి తల్లి, మా వదిన సుంకమ్మ, కొట్టం అరుగు మీద నుంచి పడి నడుము చెడి, కర్ర లేకుండా అడుగు వేయలేదు. పుట్టి ఎక్కి రాలేదు. కూతురి బిడ్డ ఎలా ఉంటాడో ఆమెకు తెలియదు. ఇక్కడ మరో చిక్కు ఉంది. వెంట్రుకలు తీయందే బిడ్డను నది దాటించకూడదు. వెంట్రుకలు తీయాలంటే మేనమామ ఒడి కావాలి. మేనమామ నది అవతల ఉన్నాడు.

“మన ఊర్లనే గుండు చేయించు. మేనమామ లేకుంటే వెంట్రుకలు ఊడవా?” అన్నాడు మా ఆయన.

“ఊడుతయి. నీ నెత్తిమీదియి ఎవరి ఒడిల కూసోకుండనే ఊడినయి గద,” అన్నాను. “మేం ఒడ్డు మీద కాలు పెట్టం. నది మీద పోయొస్తం.”

“నది ఏమన్న నీ అబ్బ సొమ్మా?”

“నీ అబ్బ సొమ్ము గూడ కాదు.”

చలికాలం పోయి నీళ్ళు తగ్గగానే సోమశిలకు ఎదురుగా నది నడిమధ్య ఒక ఇసుక తిప్ప బయటపడుతుంది. అది ఏ ఒడ్డుదీ కాదు. అక్కడిదాకా పోతే నది దాటినట్టు కాదు, ఒట్టు దాటినట్టూ కాదు. అవతలి రేవుకు పోయే ఒక చేపలవాడితో ఈశ్వరి తోడబుట్టిన మద్దిలేటికి కబురు పెట్టాను. వస్తానని జవాబు వచ్చింది.

దూరం నుంచి వచ్చేవాళ్ళు కొల్లాపూర్‌ దాకా బస్సులో రావాలి. నాగర్‌కర్నూల్‌ మీదుగా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడుస్తున్నాయి. అక్కడి నుంచి రేవుకు ఎడ్లబండి మాట్లాడుకోవాలి. పిల్లలున్నారని చూస్తే రూపాయి ఎక్కువ అడుగుతారు, ఇవ్వకండి. మా ఊరు రేవుకు దగ్గరే కనుక మేము వేగుచుక్క పొడిచాక మా బండిలోనే బయల్దేరాం. నా కొడుకే తోలాడు. రేవు కనబడగానే బండి ఆపి చెట్టు కింద పడుకున్నాడు.

“నేను నిద్రపోయిన. నాకేం తెల్వది. బాపు అడిగితే గిదే చెప్పు,” అన్నాడు.

“నిద్రపోయినోడు బండి ఎట్ల తోలిండని అడుగుతడురా మీ బాపు,” అన్నాను. వాడు తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

పుట్టి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వెదురు అల్లి, బయట తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట. మామూలుగా దాటడానికి మనిషికి రెండణాలు, ఒళ్ళోని బిడ్డకు ఏమీ లేదు. మాకు పగలంతా కావాలి కనుక కుర్మయ్య అనే పుట్టివాడితో మూడు రూపాయలకూ మధ్యాహ్నం రొట్టెలకూ ఒప్పందం చేసుకున్నాను. అడుగున వెదురు గుచ్చుకుంటుంది. వరిగడ్డి పరిచి దాని మీద గొంగడి వేశాను. నా పాత చీర చించి మూడు మూరల గుడ్డతో సోమయ్య నడుమును ఈశ్వరి నడుముకు కట్టాను. జొన్నరొట్టెలు, పెరుగన్నం, బెల్లం, ఒక గొడుగు, వాడికి నాలుగు పాత గుడ్డలు. చంటివాడితో నీళ్ళ మీదికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

పొద్దు బారెడు ఎక్కేసరికి నీళ్ళ మీద ఉన్నాం. పుట్టి పడవలా తిన్నగా పోదు. తెడ్డు వేసినకొద్దీ తిరుగుతూ పోతుంది. ముందు సోమయ్య తల్లి మెడ గట్టిగా పట్టుకున్నాడు. రెండు చుట్లు తిరిగాక నవ్వడం మొదలుపెట్టాడు. మూడో చుట్టుకు నా వక్కాకు సంచి తీసి నదిలో వేశాడు.

“బుడ్డోడు గంగమ్మకు తాంబూలం ఇచ్చిండు అవ్వా,” అన్నాడు కుర్మయ్య.

“నీ బీడీల కట్ట గూడ ఇస్తడు, జర దూరం పెట్టుకో. గట్ల తిప్పకు, పోరనికి కండ్లు తిరుగుతయి.”

కుర్మయ్య తెడ్డు నెమ్మదించాడు. నిజానికి పిల్లవాడికి ఏమీ కాలేదు. కళ్ళు తిరిగింది నాకు. పుట్టి తిరిగిన ప్రతిసారీ ఒకసారి మా ఊరి ఒడ్డు, ఒకసారి నా పుట్టింటి ఒడ్డు ముఖానికి ఎదురుగా వచ్చి పోతున్నాయి. పుట్టింటి ఒడ్డు వచ్చినప్పుడల్లా ఈశ్వరి మెడ ఇంత పొడుగు చేసేది. అది పోయాక తల దించి కొడుకు చొక్కా సర్దేది. మూడేళ్ళలో ఆ పిల్ల నాతో ఒక్కసారి కూడా తల్లిని చూడాలని అనలేదు. అడిగి ఉంటే తిట్టి ఊరుకునేదాన్నేమో. అడగకపోవడం వల్లే నేను ఆ పుట్టిలో ఉన్నాను.

తిప్ప మీద మద్దిలేటి ముందే వచ్చి కూర్చున్నాడు, వాళ్ళ ఊరి మంగలిని వెంటబెట్టుకుని. ఇసుక కాళ్ళు కాలేంత వేడెక్కకముందే పని ముగించాలి, ఇది గుర్తుపెట్టుకోండి. మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మద్దిలేటి మూడు చోట్ల కత్తెర వేశాడు. తరువాత మంగలి కత్తి అందుకున్నాడు. సోమయ్య ఏడుపు రెండు ఒడ్లకూ వినిపించి ఉంటుంది.

“ఏడువు అబ్బీ, ఏడువు. మీ తాతలిద్దరికీ ఇనపడల్ల,” అన్నాడు మద్దిలేటి.

వెంట్రుకలు ఈశ్వరి కొంగులో పట్టి నీళ్ళలో వదిలింది. మద్దిలేటి మేనల్లుడికి కొత్త చొక్కా తొడిగాడు. వాడు ఏడుపు ఆపి తన తల తానే తడుముకుంటూ, అక్కడ ఏమీ లేకపోయేసరికి మా అందరినీ అనుమానంగా చూశాడు. గొడుగు కింద రొట్టెలు తిన్నాం. ఆ తిండి దగ్గరే నేను అనుకున్నది బయటపెట్టాను. వెంట్రుకలు పోయాయి కనుక బిడ్డ ఇప్పుడు నది దాటవచ్చు. ఆ ఒడ్డున పుట్టిలోంచి మేము దిగం.

“కుర్మయ్యా, ఆ ఒడ్డు దాంక పోనీ. మోకాటి లోతుల ఆపు.”

“అవ్వా, మీ ఆయన నన్ను రేవుల నిలువనియ్యడు.”

“ఒట్టు కాళ్ళకు ఉన్నది, పుట్టికి లేదు. నడువు.”

మద్దిలేటి తన పుట్టిలో ముందు పోయి తల్లిని పిలుచుకొచ్చాడు. మేము చేరేసరికి సుంకమ్మ వదిన కర్ర పట్టుకుని నీటి అంచున నిలబడి ఉంది. మనిషి సగమైంది. మద్దిలేటి మోకాటి లోతులోకి వచ్చి, నడుము గుడ్డ విప్పి, సోమయ్యను ఎత్తుకుపోయి ఆలోచన లేకుండా తల్లి ముందు తడి ఇసుకలో దించాడు. వాడి కాళ్ళు రెండూ ఆ ఒడ్డు మీద అంటుకున్నాయి.

కుర్మయ్య గెడకర్ర పట్టుకుని బిగుసుకుపోయాడు. “అవ్వా, కాలు పడ్డది.”

“పడనీ,” అన్నాను.

మా పాలివాళ్ళు అంటున్న తప్పు ఇదే. నా జవాబు వినండి. ఆ పిల్లవాడు మా ఇంటి మనిషి ఎంతో ఆ ఇంటి మనిషీ అంతే. తన ఇంటి ఒడ్డు మీద తను నడిస్తే ఎవరి ఒట్టూ తెగదు. మా ఆయన నీళ్ళలో చెయ్యి ముంచిన రోజు వాడు తల్లి కడుపులో ఉన్నాడు; వాణ్ణి ఎవరూ అడగలేదు. నా కాలు పడలేదు. నా కోడలి కాలూ పడలేదు. పుట్టి అంచును రెండు చేతులా పట్టుకుని, గోళ్ళు తెల్లబడేలా పట్టుకుని, ఈశ్వరి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. తల్లికీ కూతురికీ మధ్య రెండు బారల నీళ్ళున్నాయి.

మా వదిన మనవడి గుండు నిమిరి, చిన్న ఇత్తడి చెంబులో తెచ్చిన నూనె అద్దింది. తరువాత చెంబు నోటికి కొంగు చుట్టి, కర్ర ముందుకు పెట్టి నీళ్ళలోకి నడిచింది. మద్దిలేటి వద్దంటున్నా వినలేదు. చీర మోకాళ్ళ దాకా తడిసి నీళ్ళ మీద తేలుతుంటే పుట్టికి ఆనుకుని నిలబడి, కూతురి ముఖం కాదు, ముందు జుట్టు చూసింది.

“తలకు నూనె యాల పెట్టుకోలేదమ్మే? ఎట్లయిందో సూడు, పీచు మాదిరి.”

ఈశ్వరి తల వంచింది. పుట్టిలో కూతురు, నీళ్ళలో తల్లి. ముడి విప్పి, నూనె పట్టించి, వేళ్ళతోనే చిక్కు తీసి మూడు పాయల జడ అల్లింది. ఇద్దరూ మాట్లాడింది తక్కువ. పాలు సరిపోయాయా అని ఒకసారి, కాన్పు నొప్పులు పగలా రాత్రా అని ఒకసారి అడిగింది. కుర్మయ్య అంతసేపూ గెడ పాతిపెట్టి పుట్టి కదలకుండా నిలబెట్టాడు. చుట్టూ తిరిగే పుట్టి ఆ ఒక్కసారి తిరగలేదు. జడ అయ్యాక మా వదిన అరచేతిలో మిగిలిన నూనె చూసుకుని నా వైపు చెయ్యి చాపింది.

“వంగు చెన్నమ్మా. నువ్వు గూడా ఈ ఇంటి ఆడబిడ్డవే గదా.”

నాకు అరవై ఏళ్ళు దాటాయి. నా తలకు ఇంకొకరు నూనె పెట్టి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. వంగాను. తల వంచుకునే, “అన్న ఏడున్నడు వదినా?” అని అడిగాను.

“చేనికాడ ఉండాడు. రానన్యాడు.”

పొద్దు వాలడం మొదలయ్యాక సోమయ్యను మళ్ళీ తల్లి నడుముకు కట్టి బయల్దేరాం. సగం నది వచ్చాక అవతలి గట్టు మీద ఒక మనిషి కనిపించాడు. ముఖం తెలియలేదు గానీ, ఒక కాలు మీద బరువు వేసి నిలబడే తీరు తెలిసింది. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఇదే నదికి తెచ్చినవాడు అలాగే నిలబడేవాడు. మనవణ్ణి తల మీదికి ఎత్తి చూపిద్దామని లేపాను. నడుము గుడ్డ బిగిసి, వాడు నా గుండె దాకానే వచ్చాడు.

“కట్టు విప్పు ఈశ్వరీ.”

“వద్దవ్వా. నది నడుమ కట్టు ఇప్పొద్దు. నా పుట్టిల ఇప్పనియ్య,” అన్నాడు కుర్మయ్య. అతని మాట నిజం. గుండె దాకానే ఎత్తి పట్టుకున్నాను. నూనె పెట్టిన గుండు ఎండకు మెరుస్తోంది. గట్టు మీది మనిషి తలగుడ్డ తీసి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. మమ్మల్ని చూసి చేశాడో, దుమ్ముకు చేశాడో చెప్పలేను. ఇంతలో పుట్టి తిరిగి మా ఊరి ఒడ్డు ఎదుటికి వచ్చింది.

“కుర్మయ్యా, ఇంకో చుట్టు తిప్పు.”

“కండ్లు తిరుగుతయంటివి గద అవ్వా.”

“తిరగనీ.”

తిప్పాడు. మనిషి అక్కడే ఉన్నాడు. ఇంకొకటి తిప్పించాను. గట్టు చిన్నదవుతోంది, మనిషి చిన్నవాడవుతున్నాడు. మరొకటి తిప్పేసరికి గట్టూ మనిషీ ఒకటే రంగులో ఉన్నాయి.

ఇంటికి వచ్చాక మా ఆయన మనవణ్ణి దగ్గరికి తీసుకుని గుండు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వాసన చూసుకున్నాడు. అది మా ఊరి గానుగ నూనె కాదని ఆయనకు తెలుసు. లేచి ఎద్దుకు గడ్డి వేయడానికి పోయాడు. ఒట్టు అలాగే ఉంది. నేను దాన్ని తప్పలేదు, తీసేయమనీ అడగను, వేసినవాళ్ళే తీయాలి. కానీ ఆ రోజు నుంచి పొద్దుగూకేవేళ ఈశ్వరి జడ విప్పడం లేదు, తలకు నీళ్ళు పోసుకోవడం లేదు. నేనూ పోసుకోలేదు. నూనె జిడ్డు పట్టి దుమ్ము అంటుకుంటోందని మా ఆయన సణుగుతున్నాడు. సణగనీ.

పిల్లలతో పుట్టి ఎక్కేవాళ్ళు బిడ్డ నడుమును తప్పకుండా మీ నడుముకు కట్టుకోండి, నది మధ్య ఎవరు చెప్పినా విప్పకండి. అయితే గుడ్డ మాత్రం మూడు మూరలు తీసుకోకండి. ఐదు మూరలు తీసుకోండి. అవతల గట్టు మీద ఎవరైనా నిలబడి ఉంటే, బిడ్డను తల మీదికి ఎత్తి చూపించడానికి చాలాలి.