బాప్తిస్మపు తొట్టికి అతుకు

2023లో నేను దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో ఒక మార్బుల్ వర్క్‌షాప్‌లో పనిచేస్తుండేవాణ్ణి. మాది జగిత్యాల దగ్గరి పల్లె. విరిగిన మెట్లు, పగిలిన ఫౌంటెన్లు అతకడం నా పని. అతుకు కనపడకుండా చేస్తానని నాకు పేరు.

ఒకరోజు సునీత అనే నర్సు పికప్‌లో పాత రాతి తొట్టిని తెచ్చింది. భీమవరం వైపు అమ్మాయి. తొట్టి నిండా కాగితంపూల మొక్క. దాని వేళ్లు రాయిని చీల్చేశాయి.

"గిది పూలకుండీ గదా చెల్లె, కొత్తది కొనుక్కోరాదు?" అన్నాను.

"కుండీ కాదన్నయ్యా, ఫాంట్. చర్చిలో పిల్లలకి బాప్తిస్మం ఇచ్చే నీళ్లు ఇందులోనే పోస్తారు. ఇంగ్లండులో ఓ పల్లెటూరి చర్చి మూసేసి సామాన్లు అమ్మేస్తుంటే మా హెలెనమ్మ గారి భర్త కొన్నారంట."

సునీత ఇంటికే వెళ్లి చూసుకునే పేషెంటు హెలెన్ అనే ఆంగ్లేయురాలు. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. నెలాఖరుకు ఇంగ్లండులోని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ, తొట్టిని సునీత వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘానికి ఇచ్చేసింది. అప్పటిదాకా వాళ్లు స్టీలు గిన్నెతోనే బాప్తిస్మాలు కానిచ్చేవారు. హెలెన్ ప్రయాణానికి ముందే సునీత కూతురి బాప్తిస్మం అందులో జరగాలి.

మొక్కను తీసేసరికి తొట్టి రెండు ముక్కలైంది. రెండు ముక్కల్లోనూ రంధ్రాలు చేసి, స్టీలు కడ్డీలు దింపి, రెజిన్ జిగురుతో కలిపాను. ఆ కడ్డీని డవల్ అంటాం. ముక్కలు విడిపోకుండా పట్టి ఉంచేది అదే. అంచు మీద ఎదురెదురుగా రెండు పాత గాట్లున్నాయి. వాటినీ పూడ్చేద్దామని అదే రంగు సున్నపురాయి చెక్కి పెట్టుకున్నాను.

అప్పుడే సునీత హెలెన్‌ను వీల్‌చైర్‌లో తీసుకొచ్చింది. నా చేతిలోని ముక్కను చూసి హెలెన్ గాభరాగా ఇంగ్లిష్‌లో ఏదో అంది.

"ఆ గాట్లు అలాగే ఉంచమంటున్నారన్నయ్యా. పూర్వం ఈ నీళ్లు చేతబడులకి ఎత్తుకుపోతారని మూతేసి తాళం వేసేవారంట. తర్వాతెప్పుడో ఆ మూత బిగించే ఇనుప కొక్కేలు పీకేస్తే అంచు అలా విరిగిందంట."

చెక్కిన ముక్కలు పక్కన పెట్టేశాను. తొట్టిలో నీళ్లు నింపి ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. చాలాసేపయ్యాక అతుకును బయటివైపు తడిమాను. పొడిగానే ఉంది. హెలెన్ నీళ్లలో చెయ్యి ముంచి మెల్లగా ఏదో చెప్పింది. సునీత అది తెలుగులో చెప్పింది.

"ఈవిడ బాప్తిస్మం కూడా ఇందులోనే అయిందంటన్నయ్యా. అందుకే ఆయన కొన్నారంట. వీళ్లకి పిల్లలు కలగలేదు. ఖాళీగా చూడలేక మొక్క పెట్టానంటున్నారు."

"ఇగ ఖాళీగుండదని చెప్పు చెల్లె" అన్నాను. హెలెన్ ఆ తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

ఆదివారం బాప్తిస్మానికి నన్నూ పిలిచారు. హిందువును గదా అని వెనకాల నిలబడ్డాను. సునీత చెంబు తెచ్చి నా చేతికిచ్చి, "తొట్టిలో నీళ్లు నువ్వే పొయ్యన్నయ్యా" అంది. పోశాను. పాస్టరు గారు నెత్తిన నీళ్లు చల్లగానే పాప గుక్కపెట్టి ఏడ్చింది. హెలెన్ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అప్పట్నుంచి ఏ రాయి వచ్చినా ఉలి పట్టకముందే దాని సంగతి అడుగుతున్నాను. ఎక్కడ అతకాలో, ఎక్కడ ముట్టుకోకూడదో అడిగితేనే తెలుస్తుంది. గల్ఫ్‌కు వచ్చాక ఎన్నో భవంతుల్లో రాళ్లు అతికాను. పని అయ్యాక లోపలికి రమ్మని పిలిచింది మాత్రం వాళ్లే.