ఉత్త చేతుల తవ్వకం

పూండి స్టేషను దాటి సముద్రం వైపు పోతే నేలంతా ఇసుక. అక్కడ నుయ్యి తవ్వడమంటే కాల్చిన మట్టితో చేసిన గుండ్రటి ఒరను నేలమీద పెట్టి, లోపల కూర్చుని, దాని అంచు కింద ఇసుక తీయడం. తీసిన కొద్దీ ఒర తన బరువుకే దిగుతుంది. దానిమీద ఇంకొకటి పెడతారు. వరహాలుకి ఈ పని ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాడు.

సాయంత్రం పని ఆపాక నూతి పక్కన గొంతుకూర్చుని, కళ్లు మూసుకుని, ఆ రోజు తవ్విందంతా ఉత్త చేతులతో మళ్లీ తవ్వేవాడు.

"ఏటి బావా, గాలికి కూడా నుయ్యి తవ్వుతన్నావేటి? కూలెవుడిత్తాడు?" అని బావమరిది నూకయ్య నవ్వేవాడు.

ఒకసారి పక్క ఊళ్లో అతను తవ్విన నూతి ఒరలు వాలిపోయాయి. ఇసుకదే తప్పన్నారు. వరహాలూ అదే అన్నాడు. సాయంత్రం చేతులు ఆడిస్తుంటే తెలిసింది: కాళ్లు కదపకుండా కూర్చున్నాడు, కుడిచెయ్యి ఎప్పుడూ ఒకే పక్కకు పోయింది, ఒర అటే దిగింది. ఆనాటి నుంచి బుట్ట నిండినప్పుడల్లా చోటు మారేవాడు. నూకయ్యకీ చెప్పాడు. నూకయ్య వినలేదు.

1913 వేసవిలో సన్యాసిరావు కొబ్బరితోటలో నూకయ్య నడుముకు తాడు కట్టుకుని నూతిలోకి దిగాడు. పైన వరహాలు బుట్టలు లాగుతున్నాడు. నీరు ఊరే వేళకి ఒరలు కరకరమన్నాయి. ఒరల మధ్య సందు పడి, అందులోంచి ఇసుక జారి అతన్ని తొడల దాకా పట్టేసింది.

"లాగండి తాడు!" అని సన్యాసిరావు కేకలు పెట్టాడు.

లాగితే మనిషి రాలేదు, అరుపు వచ్చింది.

"తాడు వొగ్గీండి, లాగితే నడుం ఇరిగిపోద్ది!" అన్నాడు వరహాలు. ఎండలోంచి చూసే కంటికి లోపలంతా చీకటి. అడుగు ఒర ఎటు వాలిందో తెలియడం లేదు. నూకయ్య మాత్రం చేతికి అందినచోటే తోడేస్తున్నాడు, ఇసుక ఇంకా జారుతోంది.

వరహాలు కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడేటి నిద్ర!" అని సన్యాసిరావు మండిపడ్డాడు.

"నూకయ్యా, సెయ్యి ఆపు! పొద్దున్నుంచీ ఎటు మొగమెట్టి కూకున్నావు?"

"సచ్చిపోతన్నాను బావా!"

"సెప్పరా!"

"సముద్రంకేసి!"

అంటే కుడిచెయ్యి దక్షిణం. ఒర అటే వాలింది.

"ఎడం సేత్తో తోడు. ఉత్తరం అంచు కింద. కుడిసెయ్యి ఎనక్కెట్టీ!"

పిడికెడు తర్వాత పిడికెడు. ఇసుక నడుం దాకా వచ్చింది. ఒర కదల్లేదు. అప్పుడు ఉత్తరం పక్క దబ్బున దిగింది. సందు మూసుకుంది. వరహాలు తనే దిగి, బావమరిది కాళ్ల చుట్టూ ఇసుక తీసి పైకి పంపాడు.

ఆ సాయంత్రం నూకయ్య ఇంటికి పోలేదు. నూతి పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, ఉత్త చేతులు ఆడించాడు. కుడిచెయ్యి ఒకచోట ఆగింది.

"తప్పు ఇక్కడే బావా."

"మరి కాళ్లో? కదిపినావా?" అని అడిగాడు వరహాలు.