పైన ఇసుక వేసిన, అంతే!

ముందుగాల ఒకటి చెప్త. మా అన్న నాతోని మళ్ల మాట్లాడుతున్నడు. పంచాయితీ అయిపోయింది, అందరం మంచిగనే ఉన్నం. మీరేం పరేషాన్ గాకండి. జెర చాయ్ పోసుకొని కూసోండి, మొదటికెళ్లి చెప్త. అట్ల చెప్తేనే మీకు సమజ్ అయితది. నాకైతే ఇప్పటికీ సగమే సమజ్ అయింది.

మా ఇల్లు తిరుమలగిరిల ఉన్నది తెలుసు కద. నాయిన కట్టిన ఇల్లు. కింద ఒక్కటే ఫ్లోర్, ముందల జెరంత ఖాళీ జాగ. నాయిన పోయేముందు నోటిమాటతోనే మా ఇద్దరన్నదమ్ములకు పంచి పెట్టిండు. కిందిది చిన్నోనిది, అంటే నాది. పైన ఎప్పుడన్నా కట్టుకుంటే అది పెద్దోనిది. అన్న పద్మారావు నగర్‌ల అపార్ట్‌మెంట్ల ఉంటడు. పైన కడత కడత అంటడు, కట్టడు. కానీ ఆ పై జాగ అంటే ఆయనకు పాణం. నా పెండ్లాం మాధవి టెర్రస్ మీద మిరపకాయలు ఎండబోసినా సుత, "బావ ప్లాట్‌ల ఎండబోసి వచ్చిన" అంటది.

పోయిన నెల అన్న, వదిన ఇంటికొచ్చిన్రు. ముందల లాన్‌ల కుర్చీలు వేసినం. లాన్ అంటే పేరుకే లాన్! ఒక కాడ గుంత, ఒక కాడ గుట్ట. వదిన చాయ్ కప్పు పట్టుకొని కూసున్నది. కుర్చీ కాలు గుంతల దిగింది. వదిన మెల్లగ, మెల్లగ, షిప్పు మునిగినట్టు పక్కకు ఒరిగి పోయింది. దెబ్బ తాకలే. కానీ కొత్త చీర మీద చాయ్ అంతా ఒలికింది!

"శీనూ, మీ లాన్‌ల చాయ్ తాగాలంటే హెల్మెట్ పెట్టుకోవాలె" అన్నది లేచి.

అందరూ నవ్విన్రు. నేను సుత నవ్విన. కానీ నాకు లోపల గుచ్చుకున్నది. పక్కింట్ల కర్నల్ సాబ్ ఉంటడు, రిటైర్డ్. ఆయన లాన్ కార్పెట్ లెక్క ఉంటది. మాది చూస్తే బండి గుంతలు పడ్డ రోడ్డు లెక్క! ఎట్లన్నా బాగు చెయ్యాలె అనుకున్న.

గప్పుడు ఫోన్ల ఒక వీడియో వచ్చింది. ఎవరో ఫారిన్ ఆయన, నిక్కరేసుకొని, గడ్డి మీద ఇసుక పోస్తున్నడు. నేను బిత్తరపోయిన. గడ్డి మీద ఇసుకేంది? చూస్తే దాన్ని టాప్ డ్రెస్సింగ్ అంటరంట. గుంతలు నిండుతయంట, గడ్డి ఒత్తుగ వస్తదంట. వీడియో ఆఖర్ల ఆయన లాన్ మీద క్యారమ్స్ ఆడొచ్చు, గంత సాఫ్! మాధవికి చూపెట్టిన.

"మన గడ్డికి గిది సెట్ అయితదా?" అన్నది.

"గడ్డి ఎక్కడైనా గడ్డే కద!" అన్న. గీ ఒక్క డైలాగే నా కొంప ముంచింది.

ఇసుక అమ్మేటాయనకు ఫోన్ కొట్టిన.

"ఏం పని సార్? కట్టుబడికా, ప్లాస్టరింగ్‌కా?"

"రెండిటికీ కాదు. పైన పల్చగ వెయ్యాలె. సాఫ్ రావాలె."

"గంతే కద సార్! ప్లాస్టరింగ్‌ది పంపిస్త. మైదాపిండి లెక్క ఉంటది."

నాకు మైదాపిండి మాట మస్తు నచ్చింది. ఫారిన్ ఆయన ఇసుక సుత గంత మెత్తగ లేదు! జెరంత చాలు అంటే, ట్రాక్టర్ కంటే తక్కువ పంపం అన్నడు. సరే పంపు అన్న.

శనివారం పొద్దున ట్రాక్టర్ వచ్చి, గేటు ముందల ధబ్‌మని పోసి పోయింది. బయటికొచ్చి చూస్తే గుండె ఆగినంత పనైంది. కుప్ప నాకంటే ఎత్తున్నది! మళ్ల రంగు సుత బూడిద లెక్క. ఇసుక గిట్లుంటదా అని డ్రైవర్‌ను అడిగిన. "ఇప్పుడన్నీ గివ్వే సార్" అని పోయిండు.

ఇగ అప్పటికెళ్లి షురూ అయింది. మొదలు కర్నల్ సాబ్ వాకింగ్‌కెళ్లి వస్తా ఆగిండు. కుప్పను చూసిండు, నన్ను చూసిండు, చెయ్యి పట్టి ఊపిండు.

"కంగ్రాచులేషన్స్! ఎన్ని ఫ్లోర్స్?"

నాకు ఫ్లవర్స్ అని వినబడ్డది. "ఫ్లవర్స్ ఏం లేవు సర్, ఓన్లీ గ్రాస్" అన్న.

ఆయన జెరసేపు మా ఇంటి కప్పు దిక్కు చూసిండు. "ఓహో, పైన గ్రాసా! టెర్రస్ గార్డెన్! వెరీ గుడ్" అని పోయిండు. నేను తలకాయ గోక్కుంట నిలబడ్డ. టెర్రస్ మధ్యల ఎక్కడికెళ్లి వచ్చింది?

తర్వాత బైక్ మీద ఎవరో ఆగి, "సెంట్రింగ్ ఎవరికిచ్చిన్రు సార్?" అన్నడు.

"సెంటర్ల ఒక్కటే కాదు భాయ్, మొత్తం వేస్తున్న" అన్న.

ఆయన మొఖం చూడాలె! కార్డు చేతుల పెట్టి పోయిండు. స్లాబ్ కింద కొట్టే చెక్కలను సెంట్రింగ్ అంటరని నాకు యాదికి రావొద్దా? రాలే. నా దిమాగ్ నిండ గడ్డే ఉన్నది.

గదే టైంల మా సరళ చిన్నమ్మ ఆటోల మా గల్లీ ముందటికెళ్లి పోయింది. కుప్పను చూసింది, ఆటో ఆపకుండనే అన్నకు ఫోన్ చేసింది. "మీ తమ్ముడు పైన కడుతున్నడురా, నీకు చెప్పలేదా?" అన్నదంట. ఈ ముచ్చట నాకు తెల్లారి తెలిసింది. మీకు ఇప్పుడే చెప్తున్న, లేకపోతే మీరు సుత నా లెక్క ఆగమైతరు.

నేను, మాధవి పార, తట్ట పట్టుకొని పని షురూ చేసినం. వీడియోల ఆయన గడ్డి కొసలు కనబడాలె అన్నడు. కొద్దిసేపటి దాంక కనబడ్డయ్. కానీ కుప్ప కరుగుతలేదు కద! రోడ్డు మీద ఉంచితే బండ్లు జారుతయ్, ఎవడన్నా లొల్లి పెడతడు. ఉన్నదంతా లోపలికే తోసినం. గుంతలు నిండినయ్, గుట్టలు మునిగినయ్, ఆఖరికి గడ్డి సుత మునిగింది.

"దానికి ఊపిరాడుతదా?" అన్నది మాధవి.

"వీడియోల ఆడింది" అన్న.

గప్పుడే అన్న ఫోన్.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"పని నడుస్తున్నదన్నా. పొద్దున ఇసుక దిగింది."

"అంటే నిజమే అన్నట్టు" అన్నడు.

"నిజమే. నీకెట్ల తెలిసింది?"

"ఎట్లనో తెలిసింది తియ్. ఎక్కడ వేస్తున్నవ్? పైననా?"

"పైననే అన్నా! కింద ఎట్ల వేస్తరు?"

"నాకు ఒక్క మాట చెప్పాలనిపించలే?"

"గింత చిన్న ముచ్చటకు నిన్నెందుకు తక్లీఫ్ చేసుడు?"

"చిన్న ముచ్చటనా! నాయిన ఏం చెప్పి పోయిండ్రా?"

నేను ఆలోచనల పడ్డ. లాన్ గురించి నాయిన ఏం చెప్పిండు? చెప్పులతోని గడ్డి తొక్కొద్దని అంటుండె. "యాదికుందన్నా, చెప్పులు ఇడిచే చేస్తున్నం" అన్న.

అన్న గట్టిగ ఊపిరి తీసుకున్నడు. "అసలు ఎవరి కోసంరా ఇదంతా?"

"ఇంకెవరి కోసం, వదిన కోసమే!"

"మీ వదిన పేరు తీసినవంటే మంచిగుండదు!"

టక్‌మని ఫోన్ పెట్టేసిండు.

"ఏమన్నడు బావ?" అన్నది మాధవి.

"ఏమో. లాన్ బాగైతున్నదని సంబరపడ్డడో, తిట్టిండో సమజ్ కాలే" అన్న. మళ్ల ఫోన్ చేస్తే ఎత్తలే. వదినకు చేస్తే వదిన ఎత్తలే. ఏం తప్పు మాట్లాడిన? చెప్పిందే మళ్ల మళ్ల చెప్పుకొని చూసుకున్న. ఏ మాటల తప్పు లేదు! ఇగ వీడియోల చెప్పినట్టు, పైపు పెట్టి లాన్ అంతా మంచిగ తడిపిన.

తెల్లారి ఆదివారం. టిఫిన్ చేస్తున్నం. గేటు చప్పుడైంది. చూస్తే అన్న, వదిన, వాళ్లెనక యాదగిరి మామ. మామ మా అమ్మకు సొంత తమ్ముడు. సర్కార్ కొలువుల ఓవర్సియర్‌గ చేసి రిటైర్ అయిండు. మా ఖాందాన్‌ల ఎవరికి పంచాయితీ అయినా ఆయనే పెద్దమనిషి. మామ వచ్చిండంటే ఏదో పెద్ద లొల్లే అన్నట్టు. కానీ ఎవరిది? నాకెందుకో పాపం ఎవరింట్లనో ఏదో అయిందనిపించింది.

"రండి మామా, దోశ తిందురు" అన్న.

"దోశ తర్వాత. పైకి నడువు" అన్నడు మామ.

ముగ్గురూ నా మొఖం గాని, కాళ్ల కింది లాన్ గాని చూడకుండ సీదా మెట్లెక్కిన్రు. నేను చెయ్యి కడుక్కోకుండనే వాళ్లెనక ఉరికిన. టెర్రస్ మీద ఏమున్నది? నీళ్ల ట్యాంకు, చాప మీద మాధవి మిరపకాయలు. గంతే. మామ ఒక రౌండ్ కొట్టిండు. ట్యాంకు ఎనక సుత తొంగి చూసిండు. స్లాబ్ ఏమన్నా ట్యాంకు ఎనక దాక్కుంటదా!

"ఏదిరా?" అన్నడు.

"ఏది మామా?"

"పిల్లర్లు, రాడ్లు, సామాను! నిన్న పైన వేస్తున్న అన్నవంట కద!"

"గడ్డి పైన మామా!"

అన్న నన్ను చూస్తున్నడు, నేను అన్నను చూస్తున్న. నిన్నటి ఫోన్ ముచ్చటంతా నా తలకాయల ఎనకకెళ్లి ముందటికి తిరిగింది. పైననా... పైననే... చిన్న ముచ్చట... వదిన కోసమే. ఓరి దేవుడా!

"అన్నా, ఇల్లు కాదే! లాన్! వదిన పడ్డది కద, గుంతలు పూడుస్తున్న! పిట్టగోడ కాడికి రా, చూడు!"

అందరం పిట్టగోడ మీదికెళ్లి కిందికి చూసినం. కింద గేటు కాడికెళ్లి గుమ్మం దాంక బూడిద రంగుల సాఫ్‌గ మెరుస్తున్నది.

"గడ్డేది?" అన్నడు మామ.

"కింద ఉన్నది మామా. వస్తది."

ముందుగాల వదిన నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, పిట్టగోడ పట్టుకొని నవ్వింది. "నేను పడ్డందుకు లాన్‌కే ప్లాస్టరింగ్ చేసినవా శీనూ?" అన్నది. మాధవికి సుత నవ్వు ఆగలే.

అన్న మాత్రం నవ్వలే. ట్యాంకు గద్దె మీద కూలబడ్డడు. "రాత్రంతా నిద్ర లేదురా" అన్నడు. "జాగ పోతే పోనీ. కావాలంటే నువ్వే కట్టుకో అందామనుకున్న. కానీ నా తమ్ముడు నాకు చెప్పకుండ చేసిండన్న మాటనే అరుగలే."

పోయి పక్కన కూసున్న. "చెప్పకుండ నేను గడ్డి సుత పీకనన్నా" అన్న. అప్పుడు నవ్విండు. నవ్వి, నా నెత్తి మీద ఒక్కటి కొట్టిండు. సల్లగనిపించింది.

కిందికి దిగినంక మామ చెప్పు కాలుతోని లాన్ మీద తన్ని చూసిండు. టక్ అన్నది! కిందికి వంగి, చిటికెడు గీరి, వేళ్ల మధ్యల రాసి చూసిండు.

"ఇది ఇసుక కాదురా. రాళ్లను మరాడించిన పొడి. గోడకు పూస్తరు. తడిస్తే ఎండి గట్టిపడుతది. నీళ్లు ఎవడు పోయమన్నడు?"

"వీడియోల ఆయన" అన్న.

"ఆయన గోడకు పూసే పొడి వెయ్యలే కద! నదిల దొరికే దొడ్డు ఇసుక ఎరువుల కలిపి, జెరంత జల్లుతరు."

ఇగ పంచాయితీకి వచ్చినందుకు ఏదో ఒక తీర్పు చెప్పకుండ పోతే మామకు ఇజ్జత్ తక్కువ. కుర్చీ వేయించుకొని కూసున్నడు. "మీ నాయిన మాట ప్రకారం కిందిది చిన్నోనిది, పైది పెద్దోనిది. గడ్డి కింద ఉన్నది, అది శీనుది. పైనున్న పొడి పెద్దోనిది. ఎవరి వాటా వాళ్లు తీసుకోండి" అన్నడు.

అన్న నిజంగనే ప్యాంటు మడిచి పార పట్టిండు. ఇద్దరం దోశలు చల్లారిపోయేదాంక గీకినం. గోడ పక్కన జెర వచ్చింది, నాలుగు గడ్డి పోచలు బయటపడ్డయ్. నడిమిట్ల మాత్రం పార తగిలితే నిప్పురవ్వలు! ఆఖరికి అన్న నడుం పట్టుకొని, "నా వాటా నీకే దానం ఇచ్చినరా" అన్నడు.

వదిన మెల్లగ కుర్చీ తెచ్చుకొని, లాన్ నడిమిట్ల వేసుకొని, చాయ్ పట్టుకొని కూసున్నది. కుర్చీ ఇంచు కదల్లే. "ఇప్పుడు నిమ్మళంగ ఉన్నది" అన్నది.

రోజూ నీళ్లు పెడితే పగుళ్లల్లకెళ్లి గడ్డి మొలుస్తదేమో చూద్దామన్నడు మామ. పెడుతున్న. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పైపు పట్టుకొని నిలబడుతున్న. గడ్డి రాలేదు, పొడి మాత్రం నీళ్లు తాగి తాగి, కొత్త స్లాబ్ లెక్క గట్టిపడుతున్నది. ఎవరన్నా అడిగితే గడ్డికి నీళ్లు పెడుతున్న అని చెప్తున్న. కానీ మీరు నా దోస్తులు, మీతోని అబద్ధమెందుకు? గది క్యూరింగ్!