రుఖయ్యా కుట్టిన పొగ

బోధన్ చరిత్ర రాసేవాళ్లు నిజాం కాలాన్నీ, కాలువలనూ, చక్కెర ఫ్యాక్టరీనీ తప్పకుండా రాస్తారు. రుఖయ్యా బట్టలు ఆరేసే ముందు తల పైకెత్తి చూడటాన్ని మాత్రం వదిలేస్తారు. ఆ లోటు ఇక్కడ తీరుతోంది.

పెళ్లై వచ్చిన నాటి నుంచీ తడిబట్టల బకెట్‌తో డాబా ఎక్కగానే ఆమె చూసేది ఫ్యాక్టరీ చిమ్నీని. పొగ ఇంటివైపు వాలితే బట్టలు వరండాలో ఆరేయాలి, అవతలి వైపు వాలితే డాబా మీద. లెక్క తప్పిన రోజు మొగుడు అయ్యూబ్ తెల్ల లాల్చీ నిండా మసి. ఆ మసిని పంపేది కూడా బాయిలర్ దగ్గర పనిచేసే అయ్యూబే కాబట్టి, ఎవరిని తిట్టాలన్న సందేహం ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఫ్యాక్టరీ ఆగి ఏళ్లయింది. ఆమె చూడటం మానలేదు. అయ్యూబ్ డాబా ఎక్కడం మానేశాడు. ఎవరడిగినా "బంద్ ఉన్నది" అంటాడు, మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించినట్టు. మూతపడిందన్న మాట ఆయన నోట రాలేదు.

రుఖయ్యా పాత చీరలతో బొంతలు కుడుతుంది. నిజామాబాద్‌లో కొత్త హోటల్‌కు గోడలు అలంకరించే సంజన వచ్చి, గోడకు వేలాడదీసే బొంత కావాలంది. దాని మీద ఆకాశం అంచున బోధన్ ఊరంతా కనిపించాలట.

"గోడకు గూడ చలి పెడ్తదా బిడ్డా?" అన్నది రుఖయ్యా. అయినా ఒప్పుకుంది.

డాబా ఎక్కి పాత పేపర్ మీద ఊరిని గీసింది. మీనార్లు, గోపురం, నీళ్ల ట్యాంకు, సెల్ టవర్, నడుమ చిమ్నీ. ఆ బొమ్మల కొలతకు గుడ్డలు కోసి, అంచులు మడిచి, నీలం చీర మీద పెట్టి కుట్టింది. చిమ్నీకి అయ్యూబ్ డ్యూటీ ప్యాంటు కాలు అచ్చంగా సరిపోయింది.

మంచం మీది నుంచి అయ్యూబ్ మెడ చాచాడు. "పొగ ఏదీ?"

"ఏడున్నది, పెట్టనీకి?"

"పొగ లేకుంటే అది చిమ్నీ గాదు. పీకుడు మర్చిపోయిన గుంజ."

రుఖయ్యా పెట్టెలోంచి పాత బురఖా తీసింది. ఎండకు నలుపు దిగి, దానంతట అదే పొగ రంగుకు వచ్చింది.

"ఎటు వాల్చాలె?"

"మనింటి దిక్కే. నువ్వు నన్ను తిట్టక చానా దినాలైంది."

ఇక అయ్యూబ్ పక్కనే కూర్చుని అజమాయిషీ మొదలుపెట్టాడు. చెరుకు ఆడేటప్పుడు పొగ గింత సన్నగ ఉండదని, లోపల ఇంకిన్ని గుడ్డపేలికలు కుక్కించాడు. పొగ ఉబ్బి, ఊరి మీద సగం ఆకాశం ఆక్రమించింది. సంజన వచ్చే రోజు ఉతికిన లాల్చీ తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు, డ్యూటీకి పోయేవాడిలా.

"సూపర్ ఉంది ఆంటీ," అంది సంజన. "ఈ మబ్బు ఏంది?"

"పొగ."

"ఫ్యాక్టరీ నడుస్తలేదు గదా. ఇప్పుడున్న ఊరే కావాలన్నరు హోటలోళ్లు. అది తీసేయండి." తర్వాత అయ్యూబ్ వైపు తిరిగింది. "నడుస్తుందా అంకుల్?"

రుఖయ్యా మొగుడి మొహం చూసింది. "బంద్ ఉన్నది" అంటాడనుకుంది.

"లేదు బిడ్డా," అన్నాడు అయ్యూబ్. "మూతపడ్డది."

రుఖయ్యా బ్లేడు తెచ్చి కుట్లు ఒక్కొక్కటే తెంపింది. పొగ ఊడొచ్చింది. నీలం చీర మీద సూది పొడిచిన బెజ్జాలు మిగిలాయి. దూరం నుంచి కనపడవులే అంది సంజన. నిజమే, కనపడవు.

మర్నాడు రుఖయ్యా బకెట్‌తో డాబా ఎక్కింది. తల పైకెత్తి చూసింది. అయ్యూబ్ లాల్చీని డాబా మీదే ఆరేసింది.

మధ్యాహ్నానికి అది తెల్లగా ఆరిపోయింది.