మాస్టారి నెత్తి మీద తువ్వాలు

రాత్రంతా ముసురు. తెల్లారేసరికి కాస్త తెరిపిచ్చింది. ఊడుపులకి మనుషులు చేలో దిగారు. వాళ్ళకి టీ కాస్తుంటే పక్కింటి కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"మంగొదినా, మాస్టారు పోయారు. తెల్లవారుజామున, నిద్దట్లోనే అంట."

టీ దించి చేలోకి పంపించాను. ఏడుపు రాలేదు. గుండెల మీంచి బరువేదో దిగినట్టయింది. ఆ మాటెందుకో చెబుతాను.

ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మా కోనసీమ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫు వెళ్ళడం ఎక్కువైన రోజుల్లో, వీసా కోసం ఎదురుచూసేవాళ్ళం సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకోడానికి ఆయన అరుగు మీదికి చేరేవాళ్ళం. పుస్తకం ఉండేది కాదు. భుజం మీద తువ్వాలు తీసి నెత్తిన కప్పుకునేవారు.

"ఇప్పుడు నేను మీ మేడమ్ని."

మీసాలున్న మేడమ్. మాకు నవ్వాగేది కాదు.

"రాత్రంతా ఇస్త్రీ చెయ్యి."

"ఎస్ మేడమ్."

"అన్నం తినకు."

"ఎస్ మేడమ్."

"నీ మొహం. ఎస్ అన్నాక ఇంకేం తింటావే?"

తప్పు మాది కాదు. పెద్దవాళ్ళు ఏం చెప్పినా అలాగేనండి అనడమే మాకు తెలిసిన మర్యాద. ఆయనకది తెలుసు. "ఇంగ్లీషులో అండి ఉండదమ్మా. మే ఐ అని మొదలెట్టు, కెన్ బదులు కుడ్ అను. అదే వాళ్ళ అండి. చెయ్యలేనిదానికి కెనాట్ అను, అది పొగరు కాదు" అనేవారు. మస్ట్ మాత్రం చివర్లో చెప్పారు. "దాన్ని ఊరికే ఖర్చుపెట్టకండి. దాచుకోండి."

ఆ తర్వాత ఒక్కొక్కరం సెలవు అడగాలి, ఆయన ఇవ్వనంటారు, మళ్ళీ అడగాలి. నేను రెండోసారికే తల దించేసేదాన్ని.

"నేల మీద ఏముందే మంగా? మేడమ్ ఇక్కడుంది."

మస్కట్‌లో నా మేడమ్ బడిలో పనిచేసేది, ఇంగ్లీషు మాట్లాడేది. చెడ్డదేం కాదు. రంజాన్ నెలలో, ఇంటినిండా చుట్టాలుండగా, అన్నయ్య ఫోన్ చేశాడు. పది రోజుల్లో అమ్మకి రాజమండ్రిలో ఆపరేషనట, బతుకుతుందో లేదో చెప్పలేమన్నారట. నా పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది.

"మే ఐ గో హోమ్, మేడమ్?" అన్నాను. పండగ అయ్యాక వెళ్ళమంది. మర్నాడు ఇంకా మెత్తగా అడిగాను. అదే మాట. నా కళ్ళు గచ్చు మీదికి దిగిపోయాయి. అప్పుడు ఆ తువ్వాలు గుర్తొచ్చింది. తల ఎత్తాను.

"మేడమ్, ఐ మస్ట్ గో. మై మదర్. ఐ విల్ కమ్ బ్యాక్."

ఆవిడ లోపలికి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది. ఆ వారంలోనే పాస్‌పోర్టు చేతికొచ్చింది. అమ్మని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళే ముందు వచ్చి చెయ్యి పట్టుకోగలిగాను. అమ్మ బతికింది. ఈరోజుకీ చేపలు కడుగుతూ, పులుసు చెయ్యడం రాదని నన్ను తిడుతుంది.

మస్కట్‌కి తిరిగి వెళ్ళేముందు మాస్టారికి చెబితే ఆయన అడిగింది ఒకటే.

"తల ఎత్తే అడిగావా?"

"ఎత్తానండి."

"అయితే కాఫీ తాగి వెళ్ళు."

కిందటి వారం కాకినాడ ఆసుపత్రిలో ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. ముక్కులో గొట్టం, చేతికి సూది. సామర్లకోట నుంచి వచ్చిన కొడుకు మంచం పక్కన నిలబడ్డాడు. మాస్టారు ఇంటికి వెళ్తానని అడిగితే, డాక్టరు ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారు. మళ్ళీ అడిగితే, కొడుకు "డాక్టరుగారు చెప్పినట్టు విందాం నాన్నా" అన్నాడు. మాస్టారు తలగడ మీంచి తల ఎత్తారు. మెడ నరాలు తేలాయి.

"డాక్టర్, ఐ మస్ట్ గో హోమ్."

నా వైపు చూడలేదు. కొడుకు కారు మాట్లాడటానికి కిందికి వెళ్ళాడు. ఆ రాత్రి నుంచీ ఆయన ఇంట్లో తన మంచం మీదే పడుకున్నారు.

నేను వెళ్ళేసరికి అరుగు నిండా మనుషులున్నారు. గల్ఫు నుంచి తిరిగొచ్చేసిన ఆడవాళ్ళు ముగ్గురో నలుగురో గోడవారగా కూర్చున్నారు. మాస్టారి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని చేతి మీద తువ్వాలు ముసురుకి ఆరక చెమ్మగానే ఉంది.

మళ్ళీ వాన పట్టకముందే, పదకొండింటికి, మాస్టారిని తీసుకెళ్ళారు.