పదో వారంలో పోసిన రంగు

2006 జూలైలో నన్ను గద్వాలలోని ఒక ఆసుపత్రికి వారానికి మూడు రోజుల పని మీద వేశారు. మా ఇల్లు వనపర్తిలో. పొద్దున ఏడింటి బస్సెక్కి పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా వెళ్లేదాన్ని. హోదా ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ పేరు విన్నవాళ్లలో ఎక్కువమంది ఫిజియోథెరపీ అనే అనుకునేవారు. రెండూ పక్కపక్క పనులే. దెబ్బ తిన్న చెయ్యి మళ్లీ బొత్తాం పెట్టుకునేలా, ముద్ద కలుపుకునేలా, తన బతుకుదెరువు పని చేసేలా ఏదో ఒక పని చేయిస్తూ దారికి తేవడం మా వృత్తి. ఆ హోదాలో అక్కడ నేనొక్కదాన్నే. నా పైన ఎముకల డాక్టరు గారు, ఆయన పైన సూపరింటెండెంటు గారు. మెట్ల కింద ఒక గది, పొడుగాటి బల్ల, ఒక బీరువా నాకిచ్చారు.

సెప్టెంబరులో సరోజమ్మ వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. గద్వాలలోనే మగ్గం నేసే ఇల్లు. గాజు సీసా పట్టుకుని గడప దగ్గర జారిపడింది. కుడి అరచేతిలో, చూపుడు వేలూ నడిమి వేలూ మొదలయ్యే చోట గాజు లోతుగా దిగింది. కర్నూలులో ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. జనం నరం తెగిందంటారు గాని తెగింది నరం కాదు, టెండన్. ముంజేతి కండరం నుంచి వేలి కొస దాకా పోయే తెల్లని తాడు లాంటిది. కండరం ఆ తాడును లాగితేనే వేలు వంగుతుంది.

టెండన్ కుట్టిన చేతికి రెండు గండాలుంటాయి. తొందరపడి బరువు పెడితే కుట్టు తెగుతుంది. భయపడి కదపకుండా ఉంచితే తాడు చుట్టుపక్కల మాంసానికి అతుక్కుపోతుంది. ఈ రెంటి మధ్య వారాల లెక్కన నడవాలి. నాలుగో వారం దాటాక మెల్లగా వంచడం, ఎనిమిదో వారంలో చిన్న పనులు, పన్నెండు వారాలు నిండే దాకా గట్టి పట్టు పట్టకూడదు. సరోజమ్మ నా దగ్గరికి వచ్చేసరికే ఏడో వారం. పన్నెండో వారంలో ఆమెను కర్నూలు సర్జన్ మళ్లీ చూడాలి. అప్పటికీ వేళ్లు కదలకపోతే మళ్లీ కోసి అతుకులు విడదీయాల్సి రావచ్చని మా ఎముకల డాక్టరు గారు ముందే చెప్పారు.

కొలిచాను. నా చేత్తో వంచితే ఆమె వేళ్లు దాదాపు పూర్తిగా వంగుతున్నాయి. అంటే కణుపులు బిగుసుకోలేదు. నీ అంతట నువ్వు వంచమంటే కొసలు పది డిగ్రీలు కూడా కదలడం లేదు. కాగితం మీద చూస్తే టెండన్ అతుక్కుపోయినట్టే. కాని మూడో రోజు ఒక సంగతి గమనించాను. నాతో మాట్లాడుతూ ఆమె జారిన కొంగు సర్దుకుంది. ఆ క్షణంలో రెండు వేళ్లూ కాస్త ముడుచుకున్నాయి. నా చూపు అటు పోగానే మళ్లీ నిటారయ్యాయి. ఎందుకమ్మా అని అడిగాను.

"పుటుక్కుమంటదేమోనని భయం మేడం," అంది. "మా వాడకట్టుల ఒకాయనకు గిట్లనే కుట్లేసిండ్రు. నెల దాటినంక బిందె ఎత్తిండు, తెగింది. మల్ల మగ్గం ఎక్కలే ఆయన."

ఆమె భర్త వీరేశం ప్రతిసారీ వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. కోపిష్టి కాదు, కాని ఆత్రం మనిషి. మగ్గం మీద సగం చీర ఆగిపోయి ఉందనీ, అది సరోజమ్మ చేతి నేత అనీ, మధ్యలో ఇంకొకరు కూర్చుంటే పోగును బిగించే దెబ్బ తేడా పడి చీర మీద గీత కనబడుతుందనీ చెప్పాడు. జర తొందరగా చెయ్యమని అడిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె కుడి చేతిని ఎడమ చేత్తో కప్పుకునేది. ఆ గుంజాటన చూసి అతన్ని బయట కూర్చోమన్నాను.

కసరత్తులతో ఆమె వేళ్లు లొంగవని అర్థమైంది. దారపు ఉండ ముట్టుకోమంటే మగ్గం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కునేది. ఆమె భయానికి సంబంధం లేని పని కావాలి. మా వదిన నాగర్‌కర్నూల్‌లో డ్రాయింగు టీచరు. బడిలో పిల్లలతో చిన్న డైరీలు కుట్టించేది. అట్టల మీద కుంచె వాడకుండా అక్రిలిక్ రంగులు పోసి, అటూ ఇటూ వంచి పారించేది. ఆమె దగ్గర పద్ధతి తెలుసుకుని, రంగుల సీసాలు కర్నూలు నుంచి తెప్పించాను. పనిని తేలిక నుంచి కష్టానికి వరస పెట్టుకున్నాను. ముందు కాగితాలు మడవడం, తరవాత అట్ట మీద రంగు పోయడం, ఆఖర్న సూదితో కుట్టడం. రంగు పారించేటప్పుడు అట్ట తెరిచిన అరచేతుల మీదే ఉంటుంది, వేళ్లతో పట్టే పని లేదు, కాబట్టి అది క్షేమమని నా అంచనా.

కాగితాలు మడవడం బాగానే సాగింది. నాలుగేసి కాగితాలు కలిపి మడిచి, మడత మీద వేలి కొసతో నొక్కుతూ గీయాలి. మొదట చూపుడు వేలు ఎత్తిపెట్టి బొటనవేలితోనే గీసింది. వారం తిరిగేసరికి చూపుడు వేలు కాగితం మీదికి దిగింది. కొలత ఇరవై డిగ్రీలకు వచ్చింది. నడిమి వేలు మాత్రం కదల్లేదు.

పదో వారం మంగళవారం రంగు పోశాం. పలచని పెరుగులా జారేలా తెల్ల జిగురూ నీళ్లూ కలిపిన నీలం, తెలుపు, మట్టి రంగులను ఒకే కాగితపు గ్లాసులో ఒకదాని మీద ఒకటి పోసి, అన్నీ ఒక్కసారే అట్ట మీద ఒంపాలి. డైరీ చిన్నదే, అరచేతి కన్నా కొంచెం పెద్దది. ముందు అట్ట, వెనక అట్ట ఒకే ముక్కలోంచి కోయాలని పెద్ద అట్ట తీసుకున్నాను. తడికి అట్ట వంగుతుందని దాని కింద ప్లైవుడ్ పలక పెట్టాను. నా పొరపాటు అదే. ఆ పలక బరువు చూసుకోలేదు.

సరోజమ్మ నిలబడి పలకను రెండు అరచేతుల మీద పెట్టుకుని వంచింది. రంగు నెమ్మదిగా పారింది. నీలంలోంచి తెలుపు తీగలు తీగలుగా విడిపోతుంటే చూస్తూ, మొదటిసారి చెయ్యి సంగతి మరిచిపోయినట్టు కనబడింది. రంగు అంచు దాకా వచ్చింది. ఇంకాస్త వంచింది. పలక జారింది.

నేను అందుకునే లోపే ఆమె కుడి చెయ్యి పలక అంచును గట్టిగా పట్టేసింది. రెండు వేళ్లూ ముడుచుకుని, గోళ్లు తెల్లబడేటంతగా. ఒక్క క్షణం. వెంటనే నేను పలకను కింది నుంచి పట్టుకుని బల్ల మీద పెట్టాను. నీలం రంగు ఆమె మణికట్టు దాకా కారింది.

ఆమె ముఖంలో నెత్తురు లేదు. "తెగిందా మేడం?" అని మెల్లగా అడిగింది.

తెగలేదని చెబితే అబద్ధం కావచ్చు, తెగిందని చెప్పడానికి ఆధారం లేదు. "తెల్వదు సరోజమ్మా, చూస్తేగాని చెప్పలేను," అన్నాను. బయట కూర్చున్న వీరేశం లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

తడి గుడ్డతో చెయ్యి తుడిచాను. ముందు చూపుడు వేలు. టెండన్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పద్ధతి. వేలి నడిమి కణుపును కదలకుండా పట్టుకుని, కొస కణుపును వంచమనాలి. వంగితే తాడు ఉన్నట్టు. ఆమె కళ్లు మూసుకుంది. వంగింది. ఇక నడిమి వేలు. అప్పటిదాకా నా దగ్గర ఒక్కసారి కూడా సరిగ్గా కదలని వేలు. పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. నా వేళ్లకే చెమట పట్టి పట్టు జారుతోంది. తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. అప్పుడు కొస కొంచెం వంగింది, ఆగింది, మళ్లీ వంగింది.

"నువ్వు వంచుతున్నవా మేడం?" అంది కళ్లు తెరిచి.

"నేను పట్టుకున్నది నడిమి కణుపు. కొస నువ్వే వంచుతున్నవు."

కొలిస్తే చూపుడు వేలు నలభై, నడిమి వేలు ఇరవై ఐదు. అయినా సంగతి అంతటితో అయిపోలేదు. కుట్టు కొంత తెగి మిగతాది పట్టి ఉండవచ్చు, అలాంటిది రెండు మూడు రోజుల తరవాత పూర్తిగా తెగడం నేను చూశాను. కేస్ షీటులో జరిగింది జరిగినట్టు రాశాను. పలక జారిందని, రోగి ఒక్కసారిగా పట్టిందని, పలక బరువు అంచనా వేయకపోవడం నా తప్పని. రాసి సంతకం చేసిన తరవాతే ఎముకల డాక్టరు గారిని పిలిచాను. ఆయన రెండుసార్లు చదివారు. చెయ్యి పరీక్షించి, నాలుగు రోజులు వేళ్లకు బద్ద కట్టి ఉంచాలనీ, రోజూ విప్పి చూడాలనీ చెప్పారు. నన్ను ప్లైవుడ్ ఎందుకు పెట్టావని అడిగారు. అట్ట వంగకుండా అన్నాను. "అట్ట వంగితే ఏమయ్యేది?" అన్నారు. కాగితం సూపరింటెండెంటు గారి దాకా పోయింది, నా చేత రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకున్నారు.

ఆ నాలుగు రోజుల్లో నా డ్యూటీ లేని రోజులు రెండున్నాయి. ఆ రెండు రోజులూ బస్సెక్కాను. రోజూ బద్ద విప్పేటప్పుడు వీరేశం కూడా గదిలోకి వచ్చి నిలబడేవాడు. కొస వంగాక బయటికొచ్చి మంచినీళ్లు తాగేదాన్ని. ఐదో రోజు డాక్టరు గారు బద్ద తీసేయమన్నారు.

అట్ట ఆరింది గాని ఒక పక్క రంగు కారిపోయి బోసిగా ఉంది. కొత్తది పోద్దామంటే సరోజమ్మ ఒప్పుకోలేదు. దాన్నే కోసి రెండు అట్టలు చేశాం. కాగితాలకు రంధ్రాలు పొడవడానికి బలం కావాలి కనుక అవి నేనే పొడిచాను. కుట్టు ఆమె వేసింది. కొవ్వొత్తి మైనం రాసిన దారం సూదికి ఎక్కించి, మొదటి రెండు మడతలు నేను చెప్పినట్టే కుట్టింది. మూడో మడత దగ్గర, దారం చాలక నేను అతుకు వేసిన ముడి చూసి ఆగింది.

"ఇది జారుతది మేడం," అని విప్పేసింది. దారం రెండు కొసలూ వేళ్ల మధ్య పెట్టి పురి తిప్పి, నేతగాళ్లు పోగు అతికే తీరులో అతికింది. చేయమని నేను చెప్పలేదు. ఆమె భయపడలేదు. నడిమి వేలు సగమే వంగింది, పని మాత్రం అయింది.

పన్నెండో వారంలో కర్నూలు సర్జన్ చూసి రెండో ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఐదో నెలలో ఆమె మగ్గం మీద కూర్చుంది. మొదట నేసిన నాలుగు వేళ్ల మేర పలచబడిందట. వీరేశం వద్దన్నా వినకుండా అంతా విప్పి మళ్లీ నేసింది. చూపుడు వేలు పూర్తిగా వచ్చింది. నడిమి వేలి కొస ఎప్పటికీ పూర్తిగా వంగలేదు. డైరీ ఆమె ఇంటికి తీసుకుపోయింది. అందులో ఏం రాసుకుందో నేను అడగలేదు.

ఆ పలక జారడం వల్లే వేలు వచ్చిందని మా ఆసుపత్రిలో కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. కుట్టు తెగడానికీ అంతే అవకాశం ఉంది, తెగకపోవడం నా నైపుణ్యం కాదు. నేను నేర్చుకున్నవి రెండు. వేలు అతుక్కుని కదలకపోవడానికీ భయపడి కదలకపోవడానికీ తేడాను కొలత పరికరం చెప్పదు, మనిషి ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూసి రాసుకోవాలి. రెండోది, రోగి చేతికి ఏ వస్తువైనా ఇచ్చే ముందు అది జారితే ఆ చెయ్యి ఏం చేస్తుందో నా చేత్తో చేసి చూసుకోవాలి. ఆ తరవాత నా కేస్ షీట్లలో ఈ రెంటికీ విడిగా ఒక్కో గడి గీసుకున్నాను. పదవీ విరమణ దాకా ఆ గడులు ఖాళీగా వదలలేదు.