శుభ్రం చేసిన చప్పుడు

మా వదిన పని మీద ఎక్కడికి వెళ్ళినా చంకలో ఒక మడత స్టూలు ఉంటుంది. ఇనప కాళ్ళు, మందపాటి గుడ్డ సీటు. ఎక్కడ కూర్చోబెడతారో ఏమో అన్న అనుమానం కాదు. ఎవరినీ కుర్చీ అడగకూడదని, అడిగితే అతిథి అయిపోతామని, అతిథి ముందు ఎవరూ మామూలుగా మాట్లాడరని ఆవిడ సిద్ధాంతం. చాలామంది ఆవిడ పేరు మర్చిపోయి 'స్టూలు మేడం' అంటారు. ఆవిడకి అందులో చిన్నతనం ఏమీ కనిపించదు.

ఆవిడ చేసేది వెబ్‌సైట్లు కట్టడం. సరుకులు అమ్ముకునేవి కాదు. ఒకే పనిలో, ఒకే పిచ్చిలో ఉన్న మనుషులు కలుసుకుని తమ ఫొటోలు, వీడియోలు, పాటలు పంచుకునే సైట్లు. ఎవరికి తగ్గది వాళ్ళకి, కొలతలు తీసుకుని కుట్టినట్టు. అందుకు ఒక నియమం పెట్టుకుంది. ఆ మనుషుల మధ్య మూడు రోజులు స్టూలు వేసుకుని కూర్చోనిదే ఒక్క లైను కోడు కూడా రాయదు.

అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. అవతలివాళ్ళు ఊపిరి తీసుకునే తీరు బట్టి ప్రసూతి వార్డుకి కలపాలో, బిల్లుల కౌంటరుకి కలపాలో చెప్పేదట. ఒకరోజు ఆవిడ కుర్చీలోకి రికార్డు చేసిన గొంతు వచ్చింది. తోటి ఆపరేటర్లు ఏడ్చారు. మా వదినకి మాత్రం ఒళ్ళు మండింది. ఆ గొంతుని ఎలా తయారుచేస్తారో తెలుసుకోవాలని కంప్యూటరు క్లాసులో చేరింది. లిఫ్టులు బాగుచేసే మా అన్నయ్య, ముప్పై ఆరేళ్ళకి ఈ చదువేమిటని నసిగాడు. "ఇప్పుడు నేర్చుకోకపోతే నలభై ఏళ్ళకి మర్చిపోవడానికి ఏముంటుంది?" అందట. మా అన్నయ్య ఇప్పటికీ ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూనే ఉన్నాడు.

మొదటి సైటు మా చుట్టాల ఫొటోల కోసం కట్టింది. తన ఫొటో పైన లేదని ప్రతి అత్తయ్యా, ప్రతి బాబాయీ అలిగారు. వదిన వారం రోజులు ఆలోచించి, ఎవరు తెరిస్తే వాళ్ళున్న ఫొటోలే ముందు కనపడేట్టు చేసింది. ఆనాటి నుంచి మా వంశంలో అందరూ సైటు దివ్యంగా ఉందనే అంటున్నారు.

నేను ఆవిడ మరిదిని. బీమా పాలసీలు అమ్మే ఉద్యోగం మానేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే పిలిచి పనిచ్చింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఫోన్లకి పనికొస్తావు," అంది. కొత్తవి పరీక్షించడం కూడా నా పనే. చెప్పుల దుకాణం పైన ఒక గది మా ఆఫీసు. రెండు బల్లలు, సైకిల్ స్టాండు వైపు కిటికీ, గోడకి ఒక కాగితం. దాని మీద వదిన చేతిరాత: 'ముందు కూర్చో.'

నిరుడు కుట్టుమిషన్ మెకానిక్కుల సంఘం కార్యదర్శి మెట్లెక్కి వచ్చాడు. నాలుగువందల మంది సభ్యులు, నాలుగువందల ఫిర్యాదులు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు కానీ అందులో పొద్దున్నే పూలబొమ్మలు, శుభోదయాలు, ఎవరో పిల్లల మార్కులు. పాడైన మిషన్ చప్పుడు రికార్డు చేసి, ఇదేం జబ్బో చెప్పండని పెడితే అది ఆ పూల కింద పడి మాయమైపోతోంది. వీళ్ళు మిషన్ని విప్పేముందు వింటారన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

వదిన స్టూలు తీసింది. మొదటిరోజు కార్యదర్శి దుకాణంలో, రెండోరోజు బట్టల ఫ్యాక్టరీలో, మూడోరోజు పెద్దమేస్త్రి ఇంట్లో కూర్చుంది.

పెద్దమేస్త్రికి డెబ్భై నాలుగేళ్ళు. సంఘంలో సగం మంది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఆరేళ్ళ క్రితం చూపు మందగించి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఆవిడ సాయంత్రం వచ్చి ఫోన్ పట్టుకుంటేనే ఆయనకి గ్రూపు, లేకపోతే అది ఇటుకరాయితో సమానం. ఆ రోజంతా ఆయన కిటికీ పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం వదిన చూసింది.

అందుకే ఆయన కోసం సైటులో తెర మొత్తాన్నీ ఒకే బటన్ చేసింది. ఎక్కడ తాకినా తర్వాతి చప్పుడు వినిపిస్తుంది, నొక్కి పట్టుకుంటే ఆయన జవాబు రికార్డవుతుంది. అంతే. నెల తిరక్కుండానే ఆయన పదకొండింటికి మొదలుపెట్టి ఐదింటిదాకా జవాబులు చెప్పసాగారు. బాబిన్ కేసులో పీచు ఇరుక్కుంది, బెల్టు సాగింది, నూనె తప్పుచోట పోశావు. ఎవరూ చెప్పకుండానే సైటులో ఒక ఆచారం పుట్టింది. పెద్దమేస్త్రి మాట పడేదాకా మిగిలినవాళ్ళు నోరు విప్పరు. వదిన కట్టిన వాటిలో నాకు బాగా నచ్చింది ఆ సైటే. అందుకేనేమో, చెయ్యి ఊరుకోక దాన్ని నేనే పాడుచేశాను.

వచ్చిన ప్రతి రికార్డింగూ సరిగ్గా ఎక్కిందో లేదో వినడం నా పని. ఫ్యాన్ల రొద, హారన్లు, పక్క దుకాణం రేడియో, ఎవరో వేరుశనగలు నమిలే చప్పుడు. తల వాచిపోయేది. చప్పుళ్ళని దానంతటదే శుభ్రం చేసే ఒక కంప్యూటరు పనిముట్టు దొరికితే పట్టుకొచ్చి వదినకి వినిపించాను. రొద మొత్తం పోయి మిషన్ ఒక్కటే హాయిగా ఆడుతోంది.

"మెకానిక్కులు అడిగారా?" అంది.

తెలిస్తేగా అడగడానికి అన్నాను. అప్పటికి ఆవిడ ఈత నేర్పేవాళ్ళ సైటులో పీకలదాకా మునిగి ఉంది. సరే పెట్టు, అసలు ఫైళ్ళు మాత్రం పారెయ్యకు అని మళ్ళీ తెరవైపు తిరిగింది. స్టూలు తలుపు వెనకే ఉండిపోయింది. కార్యదర్శి కూడా రేడియోలో విన్నట్టుందని మెచ్చుకున్నాడు. నేను రెండు రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

మూడు వారాల్లో పెద్దమేస్త్రి మూడుసార్లు తప్పారు. మూడింటికీ ఒకటే జవాబు: మిషన్ బాగుంది, వాడుకోండి. ఒకటి బిగుసుకుపోయింది. ఇంకొకటి దారాలు మింగింది. మూడోది బడిపిల్లల యూనిఫారాలు కుట్టేచోట ఉంది. అక్కడి మెకానిక్కి ఏదో తేడాగా ఉందనిపించినా, తన చెవుల్ని కాదని గురువు మాట నమ్మాడు. సూది విరిగి ఎగిరి, కుట్టే ఆవిడ కనుబొమ్మ మీద తగిలింది. రెండు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది.

ఆ సాయంత్రం నుంచి సైటులో గొణుగుళ్ళు మొదలయ్యాయి. వయసైంది కదా అని ఒకరు, చూపు పోయాక వినికిడి మాత్రం ఎన్నాళ్ళుంటుందని ఇంకొకరు. కార్యదర్శి ఫోన్ చేసి, ఆయన జవాబులు చెప్పే ఏర్పాటు తీసేయమన్నాడు. ఆయన మనసు నొప్పించకుండా, సైటు చెడిపోయిందని చెప్పేయండని సలహా కూడా ఇచ్చాడు. వదిన రెండు రోజుల గడువు అడిగింది. ఆలోగానే మేస్త్రి కూతురు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ని సొరుగులో పెట్టేశారట. పనిముట్ల పెట్టె ఎవరికైనా ఇచ్చేయమంటున్నారట. మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంటున్నారట.

వదిన తలుపు వెనక నుంచి స్టూలు తీసింది. నన్ను స్కూటరు బయటికి తియ్యమంది.

పెద్దమేస్త్రి గది చిన్నది. గోడ పొడుగునా అరల్లో పాత మిషన్ల భాగాలు, తడిమి తీసుకోవడానికి వీలుగా వరసలో ఉన్నాయి. ఆయన మమ్మల్ని మర్యాదగానే పలకరించారు కానీ సైటు మాట ఎత్తనివ్వలేదు.

"నా చెవులు పోయాయమ్మా," అన్నారు చివరికి. "మిషన్లన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయి. ఇంకొకళ్ళకి దెబ్బ తగలకముందే మానుకోవడం మంచిది."

వదిన ఏదో చెప్పడానికి ముందుకి జరిగింది. ఆయన తల పక్కకి వంచారు.

"ఆ స్టూలు మార్చమ్మా. ఎడమ వెనక కాలు రివిట్ వదులైంది. ఇంకో నెల ఆగితే కిందపడేస్తుంది."

వదిన లేచి స్టూలు తిరగేసింది. ఎడమ వెనక కాలి దగ్గర రివిట్ ఊగుతోంది. నాలుగేళ్ళుగా దాని మీద కూర్చుంటున్న మనిషికి తెలియలేదు. ఆవిడ స్టూలు వైపు చూసి, నా వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఏమీ అనకముందే నేను చెమట తుడుచుకున్నాను.

ల్యాప్‌టాప్ తెరిచి ముందు సైటులో ఉన్న రికార్డింగు వినిపించింది, యూనిఫారాల మిషన్ది. ఆయన విసుగ్గా చెయ్యి ఊపారు. ఇది బాగానే ఉంది కదా, ఇదే కదా నన్ను ముంచింది అన్నారు. తర్వాత అసలు ఫైలు తీసింది. ఫ్యాన్ రొద, ఎవరో దగ్గు, వాటి అడుగున మిషన్. నాలుగు సెకన్లు కూడా కాలేదు.

"ఆపు! సూది కింద తిరిగే షటిల్ని గీసుకుంటోంది. ప్రతి కుట్టుకీ టిక్కుమంటోంది, వినపళ్ళేదూ? ఈ మిషన్ మీద మనిషిని కూర్చోబెట్టిన బుద్ధిలేనివాడెవడు?"

"ఇది ఆ మిషనే మేస్త్రిగారూ. మీకు మేం వినిపించింది ఇది కాదు. రొదతో పాటు ఆ టిక్కుని కూడా తీసేసి ఇచ్చాం."

ఆయన మెడ మీద నరాలు లేచాయి.

"నలభై ఏళ్ళు మరకలు చూసి బతికినవాడికి, ఉతికిన బట్ట తెచ్చి చూపిస్తారా?" అన్నారు. "నా వల్ల ఆ పిల్ల కన్ను పోయేదని మూడు రోజులుగా ముద్ద దిగలేదమ్మా నాకు."

వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, మీ చెవుల్లో ఏ దోషమూ లేదు, ఈ మాట రేపు పొద్దున్నకల్లా నాలుగువందల మందికీ తెలుస్తుంది అంది.

ఆఫీసుకి రాగానే ఆ పనిముట్టు పీకేశాం. సభ్యులకి ఏమని చెప్పాలన్నది మిగిలింది. అనివార్య సాంకేతిక కారణాల వల్ల అని మొదలుపెట్టి ఒక చక్కటి ప్రకటన రాశాను. బీమాలో చేసిన అనుభవం ఊరికే పోదు. వదిన చదివి కాగితం నాకే తిప్పి ఇచ్చింది. కారణాలు వాటంతటవి నడిచి రాలేదు, మనం తెచ్చి పెట్టాం అంది. ఇలా ఒప్పుకుంటే సంఘం ఇంకొకరి దగ్గరికి పోతుందన్నాను. పోతే పోనీ అంది. ఆయన పేరు నిలబడ్డాక మన పేరు గురించి ఆలోచిద్దాం అంది.

రాత కాదు, గొంతే రికార్డు చేసింది. మూడు మిషన్ల చప్పుళ్ళనీ జంటలుగా పెట్టింది, శుభ్రం చేసినదీ, అసలుదీ. వాటి కింద ఆవిడ మాట: "పెద్దమేస్త్రిగారు తప్పు చెప్పలేదు. ఆయనకి వినిపించిందే తప్పు చప్పుడు. మిమ్మల్నెవరినీ అడక్కుండా ఆ పనిముట్టు నేను పెట్టాను. దెబ్బ తగిలిన అమ్మ దగ్గరికి ఈరోజే వెళ్తున్నాను."

పక్క బల్ల దగ్గర నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నేను పెట్టాను అంది. మా మరిది అనలేదు. మేము అని కూడా అనలేదు.

మధ్యాహ్నానికి సైటు అట్టుడికిపోయింది. కార్యదర్శి ఫోన్లో అరగంట తిట్టాడు. వదిన అడ్డురాకుండా విని, చివర్లో, ఇంకోసారి ఇలా జరగదు, జరిగితే ఈ మెట్లెక్కి వచ్చి తిట్టండి అంది. సాయంత్రానికి ఒక్కొక్కరే పెద్దమేస్త్రికి క్షమాపణలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. వయసైందన్నవాడే అందరికంటే పొడుగ్గా చెప్పాడు. అయినా ఆయన వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మర్నాడు పదకొండింటిదాకా ఆగలేకపోయాను. వదిన కిందికి దిగి వెళ్ళాక బటన్ నొక్కి నా గొంతు రికార్డు చేశాను. ఆ పనిముట్టు తెచ్చిందీ, పెట్టమని పోరిందీ నేనని, వదిన నా తప్పు మోసిందని చెప్పాను. జీవితంలో మొదటిసారి నాలుగు మాటలతో ఆపేశాను.

పదకొండూ ఐదుకి జవాబు వచ్చింది. పెద్దమేస్త్రి గొంతు. అప్పుడే పైకొచ్చిన వదిన నా వెనక నిలబడి వింది.

"తెలుసులేవయ్యా. 'నేను పెట్టాను' అన్నచోట ఆవిడ గొంతు ఒక్క కుట్టు తప్పింది. నిన్ననే విన్నాను. నువ్వు వస్తావో రావో చూద్దామని ఊరుకున్నాను. ఇక పక్కకి జరుగు, ఇరవై రెండు మిషన్లు వరసలో ఉన్నాయి."

వదిన దాన్ని రెండుసార్లు వింది. తర్వాత స్టూలు నా చేతిలో పెట్టి, రివిట్ కొట్టించుకు రమ్మని పంపింది.